గౌను అంచున తొమ్మిది మచ్చలు

స్పెయిన్ రాజు గద్దె దిగి దేశం విడిచి వెళ్లిపోయాడన్న వార్త పేపర్లో పడిన రోజు, మా ఆయన కాఫీ తాగుతూ దాన్ని పైకి చదివాడు. రాణి కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని రైలెక్కిందట. "నీ గౌను రాణికి ఎంత కష్టం వచ్చిందో చూశావా?" అని నన్ను ఆటపట్టించాడు. మా పెళ్లిలో నేను వేసుకున్న గౌనుకీ ఆ రాణికీ ఏదో సంబంధం ఉందని మాత్రమే ఆయనకి తెలుసు. ఏం సంబంధమో ఈ తొమ్మిదేళ్లలో నేను చెప్పలేదు. ఆ మాటకి నవ్వలేక, చేతిలో గ్లాసు కింద పెట్టి, ఈ ఆదివారం సుంగై సిపుట్ వెళ్లి వస్తానన్నాను.

ఎవరున్నారక్కడ అన్నాడు. కుట్టుమామ్మ ఉంది అన్నాను. ఉందనే అనుకున్నాను.

ఆవిడ అసలు పేరు నాకు తెలియదు. తోట రిజిస్టర్లో ఏదో ఒకటి రాసుకునే ఉంటారు. సుంగై సిపుట్ అవతల నేను పుట్టి పెరిగిన రబ్బరు తోటలో, పిల్లలకీ పెద్దలకీ కూడా ఆవిడ కుట్టుమామ్మే. మా వాళ్లంతా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, సముద్రం దాటి ఈ దేశం వచ్చిన కూలీలు. వాళ్లలో కొన్ని ఇళ్లవాళ్లం కిరస్తానీలం. మేముండే వరస ఇళ్ల, అంటే కూలీ లైన్ల, చివర రేకుల కప్పుతో మాకో చిన్న గుడి ఉండేది. ఆ గుడి పక్క గదిలో కుట్టుమామ్మా, ఆవిడ కూతురు ఎస్తేరూ, చేత్తో తిప్పే కుట్టుమిషనూ ఉండేవారు. మిషన్ని కూడా మనిషిలా లెక్కెయ్యటం ఆవిడ అలవాటే. "మేం ముగ్గురం ఉన్నాం, నాలుగోదానివి నువ్వు, ఎక్కడ కూకుంటావే?" అని నన్ను అడిగేది.

నా కళ్ల ముందు ఆవిడ ఎప్పుడూ గడప మీదే కూర్చుని ఉంటుంది. కొప్పులో రెండు సూదులు, మెడలో తాడుకి వేలాడే కత్తెర, నోట్లో దారప్పోగు. దారం తియ్యకుండానే నోటి ఓ పక్కనుంచి మాట్లాడేది. నవ్వితే చప్పుడుండేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. తమలపాకు నమిలేది గానీ తెల్లబట్ట ముట్టుకునే ముందు నోరు కడిగి, చేతులు కడిగి, చేతుల్ని ఒకసారి వాసన చూసుకుని మరీ పట్టుకునేది.

కొలతలకి టేపు వాడేది కాదు. పిల్లని కుళాయి దాకా నడిచి రమ్మని, తను గడప మీంచి వెనకపాటుగా చూసేది. అంతే, కొలత అయిపోయినట్టే. "ఎదర నిలబెట్టి కొలిస్తే పొట్ట నొక్కుకుంటారే. ఎనకనుంచి మనిషి అబద్దం ఆడనేడు" అనేది. ఆవిడ కుట్టిన జాకెట్టు ఎవరికీ బిగుతయిందని గానీ వదులయిందని గానీ నేను వినలేదు.

మా తోటకీ చుట్టుపక్కల రెండు మూడు తోటలకీ కలిపి పెళ్లి గౌను ఒక్కటే ఉండేది. యుద్ధానికి కొంచెం ముందు తోట దొరసాని సీమకి వెళ్లిపోతూ, తన బట్టలు బాగుచేసి పెట్టినందుకు కుట్టుమామ్మకి మిషన్ ఇచ్చింది. దానితోపాటు భోజనాల బల్లమీద వేసే తెల్లటి పెద్ద దుప్పటీ, చిరిగిన దోమతెరా, పాత బొమ్మల పేపర్ల కట్టా ఇచ్చింది. దుప్పటి గౌనయింది. దోమతెర తలమీది ముసుగయింది. పిల్ల లావుదైతే కుట్లు వదిలేది, సన్నదైతే పట్టేది, పొట్టిదైతే అంచు మడిచి పొడుగు కుట్లు వేసేది. ఆ గౌనుకి మాత్రం మొదటిసారి తర్వాత కత్తెర తగలనివ్వలేదు. దారం కూడా పంటితోనే కొరికేది. "కత్తెరతో సేసిన పని మరి ఎనక్కి రాదు. సూదితో సేసింది ఎప్పుడైనా ఊడదీసుకోవచ్చు" అని ఎస్తేరుకి చెప్తూ ఉండేది. ఎస్తేరుకి కుట్టు మీద ధ్యాస ఉండేది కాదు. నాకంటే నాలుగేళ్లు పెద్దదయినా నాతో పాటు రబ్బరు గింజలు ఏరుకుని గచ్చకాయలాట ఆడేది.

ఇక మచ్చల సంగతి. కొత్తబట్ట ఏదైనా సరే, మూలన పసుపు ముట్టించకుండా మా వాళ్లు ఒంటిమీద వేసుకునేవారు కాదు. కిరస్తానంలో కలిసిన తర్వాత బొట్టూ పసుపూ వద్దన్నారు అయ్యగారు. ఆయన ఇపో పట్నం నుంచి నెలకోసారి వచ్చే తమిళ పాదిరీ, మంచివాడే. ఆడవాళ్లు బొట్టు తీసేశారు. కానీ పసుపు తగలని కోరాబట్టని పెళ్లికూతురికి తొడగాలంటే వాళ్లకి మనసొప్పేది కాదు. కుట్టుమామ్మకి మరీను. మొదటి పెళ్లికూతురు తన కూతురేనాయె.

ఆ బెంగలో ఉండగానే దొరసాని పేపర్ల కట్టలో ఆవిడకి బొమ్మ దొరికింది. ఓ గుర్రబ్బండి దిగి ఇంకో బండి ఎక్కబోతున్న పెళ్లికూతురు. తెల్లగౌను, నెత్తిన కిరీటం, నేలమీద ఈడుస్తున్న పొడుగు కుచ్చెళ్లు. ఆ గౌను కింది భాగమంతా నల్లనల్లటి చుక్కలు. బంగళా వంటవాణ్ణి అడిగితే, దొరలు భోజనం దగ్గర అనుకుంటుంటే విన్నాననీ, అది స్పెయిన్ రాజుగారి పెళ్లనీ, ఆవిడ రాణి అనీ చెప్పాడు. కుట్టుమామ్మకి అంతకన్నా ఏం కావాలి? స్పెయిన్ రాణి, కిరస్తానీ రాణి, గుడిలో పెళ్లాడిన రాణి. ఆవిడ గౌను అంచునే మచ్చలుంటే ఇంకేం అడ్డు?

"సూసినావా? రాజులింట్లో కూడా కొత్తగుడ్డకి పసుపెడతారు. మనకి వద్దన్నారు గానీ ఆళ్లు మానినారేటి?" అని లైన్లలో ఇంటింటికీ ఆ కాగితం తీసుకెళ్లి చూపించింది. బొమ్మ కింద ఇంగ్లీషులో రెండు వరుసలు ఉన్నాయి. ఎవరిచేతా చదివించలేదు. కళ్లకి కనపడుతున్నదాన్ని ఇంకొకరు చదివి చెప్పటం ఎందుకని ఆవిడ ఉద్దేశం. చూసినవాళ్లందరూ కూడా పసుపే అన్నారు. నేనూ అన్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు.

అప్పట్నుంచీ ఒక్కో పెళ్లికూతురికీ ఒక్కో మచ్చ. పెళ్లినాడు పొద్దున్నే గౌను అంచున వేలితో తడి పసుపు చుక్క పెట్టేది. పసుపులో సున్నం కలిపి ఎర్రగా అద్దిన దారంతో ఆ చుక్కని చింతగింజంత నింపేది. మొదటిది ఎస్తేరుది. ఆ పెళ్లిలో అయ్యగారి కళ్లు తిన్నగా అంచుమీదే పడ్డాయి. "ఇదు ఎన్నమ్మా?" అన్నారు, ఇదేమిటని. కుట్టుమామ్మ తడుముకోకుండా, "స్పెయిన్ రాణి పెళ్లిగౌను ఇలగే ఉంటాది అయ్యగోరూ. బొమ్మున్నాది, తెమ్మంటారా?" అంది. అయ్యగారు కాసేపు చూసి, రాణిగారిదైతే బాగానే ఉందన్నట్టు తలాడించి బైబిలు తెరిచారు. కుట్టుమామ్మ భుజాలు కదలటం నేను వెనకనుంచి చూశాను. ఎంత గర్వమో ఆ భుజాల్లో!

మూడేళ్లలో మచ్చలు ఎనిమిదయ్యాయి. గౌను ఉతికినప్పుడల్లా, సబ్బు తగిలిన పసుపు కాబట్టి, మచ్చలు ఎర్రగా పొంగేవి. ఆరాక మళ్లీ తగ్గేవి. వాటిని వేలితో లెక్కపెట్టి, "ఎనిమిది మంది కూతుళ్లే నాకు" అనేది.

తర్వాత ఆ జ్వరం వచ్చింది. యుద్ధం చివర్లో అన్ని దేశాలనీ తుడిచిపెట్టిన జ్వరమే. మా తోటలో పొద్దున్నే గంట కొడితే హాజరుకి వచ్చేవాళ్లు లేకపోయారు. రబ్బరు పాలు గియ్యక, చెట్లకి కట్టిన చిప్పల్లో వాననీళ్లు నిండాయి. నేను ఇపో మిషను బడిలో చదువుకుంటున్నాను. బడి మూసేసి మమ్మల్ని ఇళ్లకి పంపించేశారు. నేను ఇంటికి చేరిన రెండో రోజున ఎస్తేరు పడింది, అయిదో రోజుకి లేదు. ఆ వారంలోనే ఆ గౌను వేసుకుని పెళ్లాడినవాళ్లు ఇంకో ఇద్దరు పోయారు. అటు ఇటు లైన్లలో హిందువుల ఇళ్లలోనూ, తమిళుల ఇళ్లలోనూ అంతే. మామీద ప్రత్యేకంగా పగపట్టి వచ్చిన జ్వరమేం కాదది.

కానీ తోట ఆస్పత్రిలో మందులిచ్చే డ్రెస్సరు, ఆస్పత్రి అరుగుమీద నిలబడి కాగితంలో చూసి చెప్పిన మాట ఒకటుంది. కుట్టుమామ్మ పక్కన నేనూ ఉన్నాను. ఎస్తేరు లోపలే ఉంది, ఇంకా తీసుకుపోలేదు.

"ఇది మామూలు జ్వరం కాదమ్మా. స్పెయిన్ జ్వరం అంటున్నారు."

"ఏ దేశం అన్నావు బాబూ?" అంది కుట్టుమామ్మ.

"స్పెయినట."

ఆవిడ నోట్లో దారం లేదు గానీ, ఉన్నట్టే మూతి ఓ పక్కకి పోయింది. మేం స్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి గదిలో పెట్టె తెరిచి గౌను అంచు ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. కూతురి సమాధి మీద మట్టి వెయ్యటానికి ఆవిడ రాలేదు. తల్లి రాలేదేమిటని లైన్లలో చాలారోజులు చెప్పుకున్నారు. ఆ దేశపు గుర్తు తెచ్చి ఆడపిల్లల బట్టలకి కుట్టినందుకు ఆ దేశపు జ్వరం వెతుక్కుంటూ వచ్చి, గుర్తున్నవాళ్లని పట్టుకుందని ఆవిడ నమ్మేసింది. నాతో తప్ప ఎవరితోనూ అనలేదు. నాతోనూ ఒక్కసారే అంది. ఆ తర్వాత గౌను పెట్టెలోకి పోయింది, పెట్టెకి తాళం పడింది. పెళ్లిళ్లు చీరల్లోనే జరిగిపోయాయి.

నాలుగేళ్ల తర్వాత నా పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు రైల్వే గుమాస్తా, క్లాంగ్‌లో ఉన్న కుటుంబం. ఆ వైపు పెళ్లికూతుళ్లందరూ గౌనుల్లోనే గుడికెళ్తారని మా కాబోయే ఆడపడుచు చెప్పింది. చెప్పిన తీరు నాకు గుచ్చుకుంది. అప్పటికి నాకు ఇంగ్లీషు వచ్చు. వచ్చిందని ఊరుకోకుండా, వచ్చిందని నలుగురికీ తెలిసేలా తిరిగేదాన్ని. ఆ గౌను నాకు కావాలి. కుట్టుమామ్మ భయం ఉత్త అమాయకత్వమని రుజువు చేస్తే గౌనుకి గౌనూ వస్తుంది, ఆవిడ మనసూ తేలికవుతుందని లెక్క వేసుకుని వెళ్లాను.

"నీకు ఇవ్వను" అంది, నేను అడక్కముందే.

"ఆ జ్వరం స్పెయిన్లో పుట్టనేదు మామ్మా. పేరు అలగ పడిపోనాది, అంతే. మా టీచరమ్మ సెప్పినాది."

"పేరు ఊరికే పడతాదేటి?"

"సరే, ఆ బొమ్మ తే. దాని కిందేటి రాసున్నాదో సదివి సెప్తాను. అప్పుడు నమ్ముతావా?"

ఆవిడ లేచి, పెట్టె అడుగునుంచి కాగితం తీసి, నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది. నాలుగేళ్లలో ఆవిడ చాలా చిన్నదయిపోయింది. మెడలో కత్తెర బరువుకి కూడా వంగినట్టుంది.

చదివాను. పెళ్లయి కోటకి తిరిగి వెళ్తున్న రాజు బండి మీదికి ఎవడో పూలగుత్తిలో దాచి బాంబు విసిరాడట. బండి వెంట ఉన్న సిపాయిలూ, గుర్రాలూ, చూడటానికి వచ్చిన జనమూ అక్కడికక్కడే చచ్చిపోయారట. నెత్తురు చిందిన పెళ్లిగౌనుతోనే రాణి దిగి మరో బండి ఎక్కిందట. ఆ బొమ్మ ఇదీ అని రాసి ఉంది.

రెండు వరుసలే. కానీ నేను చదువుతూనే ఉన్నాను. తలెత్తితే ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎస్తేరు గౌను అంచున మొదటి మచ్చ పెట్టినప్పుడు ఆవిడ మొహం గుర్తొచ్చింది. ఆ మచ్చ పసుపు కాదు, ఎవరో గుర్రబ్బండి సిపాయి నెత్తురు. కూతురి పెళ్లిబట్టకి తల్లి తన చేత్తో, పళ్లతో దారం కొరుకుతూ కుట్టింది దాన్నే.

"ఏటే గుంటా? ఏటున్నాది?"

"ఇది స్పెయిన్ రాణి పెళ్లినాటి బొమ్మ" అన్నాను. "కొత్తగౌనుకి శుభానికి మచ్చలెట్టినారని రాసుంది. ఆళ్ల దేశం ఆచారమట. నువ్వనుకున్నదే మామ్మా. పసుపులాటిదే."

ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట! సగం ఆవిడ కోసం చెప్పాను. సగం గౌను కోసం చెప్పాను. ఏ సగం పెద్దదో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

కుట్టుమామ్మ గడప మీద కూలబడింది. "అయితే నా పిల్లని నాను సంపనేదన్నమాట" అంది. మళ్లీ అదే మాట నెమ్మదిగా అంది, సరిగ్గా విన్నానో లేదో తనే చూసుకుంటున్నట్టు. ఆ తర్వాత ఏడ్చింది. ఎస్తేరు పోయాక ఆవిడ ఏడవటం అదే మొదలు. చప్పుడు లేకుండా, భుజాలతోటే. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. నా చేతిలో ఆ కాగితం ఇంకా ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తోచక, మడిచి మళ్లీ పెట్టెలో పెట్టాను. చింపెయ్యాలన్న ఆలోచన నాకు రాలేదు. చదువుకున్నదాన్ని, కాగితాన్ని చింపే అలవాటు లేదు. ఈ తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆ అలవాటుని.

కళ్లు తుడుచుకుని, "కుళాయి కాడికి నడిసి రాయే, కొలత సూస్తాను" అంది. నడిచాను. ఇరవై అడుగులుండవు. ఆవిడ చూపు నా వీపుమీద ఉందని తెలుసు. వెనకనుంచి మనిషి అబద్ధం ఆడలేడన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తొందరగా అడుగులు వేశాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ దారం తీస్తోంది. "నడుం కాడ రెండు వేళ్ల మేర పట్టాల" అంది, అంతే.

పెళ్లినాడు పొద్దున్న పసుపు గిన్నె పట్టుకుని నా కాళ్ల దగ్గర కూర్చుంది. నా మచ్చ ఎక్కడ పెట్టమంటావంది. ఎస్తేరు మచ్చ పక్కన పెట్టు అన్నాను. నా మాట నిజమేనని నమ్మించటానికే అన్నాను గానీ, అనగానే పాదం వెనక్కి లాక్కున్నాను. ఆవిడ తలెత్తి చూసింది. "భయం నేదు గదా?" అంది. ఏం భయం అన్నాను. వేలితో చుక్క పెట్టింది. దారంతో నింపింది. తొమ్మిదోది. గుడిలో నడుస్తున్నంతసేపూ ఆ అంచు నా మడమలకి తడితడిగా తగులుతున్నట్టే ఉంది. కిందికి చూడలేదు. పూలగుత్తి చేతికిస్తే పట్టుకోలేక ఆడపడుచుకి ఇచ్చేశాను. సిగ్గుపడుతోంది అనుకున్నారు.

తర్వాత నేను ఆ తోటకి వెళ్లలేదు. మా ఆయనకి ఉద్యోగం ఇపోలోనే, అక్కడినుంచి రైలెక్కితే గంట కూడా పట్టదు. పెళ్లయిన ఏడాదికి నాన్న ఇపో ఆస్పత్రిలో పోయాడు. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. కాబట్టి వెళ్లటానికి పని లేదని చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. అసలు సంగతి ఏమిటంటే, ఆవిడ నన్ను మళ్లీ కుళాయి దాకా నడవమంటుందని భయం. కానుపులయ్యాయి, పిల్లలు పెరిగారు. జ్వరం తగిలి పిల్లలు మూలిగిన ప్రతిసారీ నాకు ఆ అంచు గుర్తొచ్చేది. ఇంత చదివి ఇదేమిటే అని నన్ను నేను కేకలేసుకునేదాన్ని. కేకలేసుకుంటూనే పిల్లల గౌన్ల అంచులు తిరగేసి చూసేదాన్ని.

ఆ ఆదివారం రైలు దిగి తోటకి నడుస్తూ చెప్పబోయే మాటలు కూర్చుకున్నాను. రాణి ఇంకా బతికే ఉంది మామ్మా, దేశం పోయినా మనిషి బాగానే ఉంది, అని మొదలుపెట్టి, తర్వాత మిగతాదంతా చెప్పేద్దామని. గుడి పక్క గదికి వేరే తాళం వేసి ఉంది. పక్కింట్లోంచి సన్నెమ్మ బయటికొచ్చింది. నాకంటే పెద్దది, మా అమ్మ స్నేహితురాలు.

"నువ్వా రూతూ? ఇప్పుడొచ్చినావా తల్లీ? మామ్మ పోయి నాలుగు నెల్లయింది."

అరుగుమీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఎవరూ నాకు కబురు పెట్టలేదేమన్నాను. సన్నెమ్మ కాసేపు కొంగు నలుపుకుంది.

"పెట్టొద్దన్నాది తల్లీ. బతికున్నప్పుడే సెప్పినాది, ఆ గుంటకి కబురెట్టకండి, వస్తే పెట్టె ఇయ్యండి అని."

"నామీద కోపమా?"

"కోపమేటి! నీ పెళ్లయిన రెండో ఏడు మా పిల్ల పెళ్లి కుదిరినాది. మామ్మ గౌను తీసినాది. పెళ్లోరు మచ్చలేటని అడిగితే, ఆ బొమ్మ తెచ్చి, మా రూతు ఇంగిలీసు సదివినాది, ఇది పసుపని రాసుంది, సూడండి అన్నాది. కొత్త డ్రెస్సరు ఆడే ఉన్నాడు. కాగితం తీసుకుని గట్టిగా సదివేసినాడు. బాంబులూ, నెత్తురూ, అంతా."

పెళ్లివారి ముందు, అందరి ముందు, నా పేరు గొప్పగా చెప్పుకుని మరీ.

"మామ్మ ఏడిసిందా?"

"నేదు. రాణి బతికినాదా బాబూ అని అడిగినాది. బతికే ఉన్నాదన్నాడు. అంతే. ఇంట్లోకెళ్లి మెళ్లో కత్తెరతో ఆ రాతలున్న ముక్క కత్తిరించి పొయ్యిలో ఎట్టేసినాది. బొమ్మ మటుకు ఉంచినాది. నాకు సెప్పినాది, సన్నీ, నాకు తెలిసినట్టు ఆ గుంటకి తెలీకూడదు, నాకోసం అబద్దం ఆడినాది, సిన్నపిల్ల, ఆ బరువు దానికి వద్దు అని. ఆ తరవాత గౌను ఎవులికీ ఇయ్యనేదు. మా పిల్లకి కూడా. మూడు రోజులు దీపం ముందు కూకుని ఏటో కుట్టుకున్నాది దానిమీద."

తనకోసం అబద్ధం ఆడాననుకుంది. గౌను కోసం ఆడిన సగం ఆవిడకి తెలియదు. తెలిసినా అలాగే అనేదేమో. తెలియదు.

పెట్టె మోయించుకుని ఇంటికి తెచ్చాను. ముందు బొమ్మ కనపడింది. కింద రెండు వరుసలూ లేవు. కత్తెర ఎంత తిన్నగా పోయిందంటే, అక్కడ ఎప్పుడూ ఏమీ రాసి లేదేమో అనిపించింది. ఎదర నిలబడి నేను చదివిన అబద్ధానికి ఇక సాక్ష్యం లేదు. కత్తెరతో చేసిన పని వెనక్కి రాదని తెలిసిన మనిషే చేసింది ఆ పని.

గౌను విప్పి అంచు వెతికాను. ఎస్తేరు మచ్చ ఉంది. జ్వరంలో పోయిన మిగతా ఇద్దరివీ ఉన్నాయి. మూడే. ఆ మిగిలిన ఆరు చోట్లా దారం లేదు. సూది పోయిన సన్నటి బెజ్జాలు మాత్రం చింతగింజంత మేర కనపడుతున్నాయి. ఎస్తేరు మచ్చ పక్కన నాది కూడా అంతే. మూడు రోజులు దీపం ముందు కూర్చుని ఆవిడ కుట్టలేదు. బతికున్న ఆరుగురం కూతుళ్ల మీంచి ఒక్కొక్క పోగే ఊడదీసింది. చచ్చిపోయినవాళ్లవి ఊడదీసి లాభం లేదని ఉంచేసింది. కూతుర్ని తన చేత్తోనే చంపానని మళ్లీ నమ్మి, ఆ నమ్మకంతోనే కూర్చుని నన్ను బతికించాననుకుంది. నేను ఇపోలో పిల్లల గౌన్ల అంచులు తిరగేసుకుంటున్నప్పుడు ఆవిడ చేస్తున్న పని అదీ.

గౌను ముక్కిపోయిన వాసన వేస్తోంది. ఉతకాలనిపించింది. మర్నాడు పొద్దున్న మా ఆయన ఆఫీసుకీ పిల్లలు బడికీ వెళ్లాక, పెరట్లో పెద్ద బేసిన్లో నీళ్లు పోసి, సబ్బు నురగ తీసి, గౌను అందులో ముంచాను. అమ్మ లోపల నిద్రపోతోంది. అంచు చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా రుద్దాను. సబ్బు తగలగానే మూడు మచ్చలూ ఎర్రగా పొంగాయి, అప్పట్లో లాగే. నేను చూస్తూ ఉండగానే వాటి మధ్య ఇంకోటి లేచింది. తర్వాత ఇంకోటి. దారం లేదు గానీ, దారం కంటే ముందు వేలితో పెట్టిన పసుపుని గుడ్డ ఎప్పుడో పీల్చేసుకుంది. అది ఆవిడ సూదికి అందలేదు. లెక్కపెట్టాను. తొమ్మిదీ వచ్చాయి. చచ్చిపోయినవాళ్లవి ఏవో, బతికున్నవాళ్లవి ఏవో, తడిలో తేడా తెలియటం లేదు.

ఎస్తేరు పక్కన నాది ఉంది.

భయం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "పోలేదు మామ్మా, నాది కూడా ఉంది" అన్నాను పైకే.

లోపల్నుంచి అమ్మ లేచి, "ఎవులితో మాటాడుతున్నావే?" అని కేకేసింది.

ఎవరితోనూ కాదు అనబోయి ఆగాను. "కుట్టుమామ్మతో" అన్నాను.